ప్రీనప్పా, గిఫ్ట్ డీడా, వీలునామానా, ట్రస్టా? పెళ్ళికి ముందు ఏ కాగితం ఎవరికి పనికొస్తుంది

పోయిన మాఘమాసంలో మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపింది. వంద రూపాయల బాండ్ పేపరు, అడుగున నోటరీ గుండ్రటి ముద్ర, రెండు సంతకాలకు ఖాళీ. వెనకాలే ఫోను. "మామయ్యా, అబ్బాయి తరఫువాళ్ళు ప్రీనప్ రాసుకుందాం అంటున్నారు. ముహూర్తానికి ఇంక పన్నెండు రోజులే ఉంది. సంతకం పెట్టేయనా?" ప్రీనప్ అంటే ఆస్తి, విడాకుల సంగతులు పెళ్ళికి ముందే రాసుకునే ఒప్పందం.

కాగితంలో అయిదు షరతులున్నాయి. పెళ్ళికి ముందు ఎవరి పేరున ఉన్న ఆస్తి వాళ్ళదే. విడిపోతే ఒకరినొకరు భరణం అడగకూడదు. పిల్లలు పుడితే, విడిపోయాక తండ్రి దగ్గరే ఉండాలి. అమ్మాయి తెచ్చుకునే బంగారం అత్తగారి లాకర్లో ఉంటుంది, విడిపోతే సగమే తిరిగిస్తారు. రెండేళ్ళలోపు అమ్మాయి విడాకులు అడిగితే పెళ్ళి ఖర్చు ఆమె తరఫువాళ్ళు కట్టాలి.

మొదటిది రాసుకోకపోయినా చట్టం అదే చెబుతుంది. మిగతా నాలుగూ రాసుకున్నా కోర్టులో నిలవవు. భరణం హక్కును ముందే వదులుకున్నట్టు రాయించుకుంటే చెల్లదని మన కోర్టులు చాలాసార్లు చెప్పాయి. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది ఆ రోజున బిడ్డ మేలు చూసి జడ్జి తేలుస్తారు, పుట్టకముందే అమ్మానాన్నలు రాసుకున్నది చూసి కాదు. బంగారం స్త్రీధనం, మొత్తం ఆమెదే. అత్తవారింట్లో దాచినంత మాత్రాన అది వాళ్ళదైపోదని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇక అయిదో షరతు కోర్టు గడప తొక్కే హక్కుకే జరిమానా వేస్తోంది.

నోటరీ ముద్ర ఉంది కదా అని అమ్మాయి అనుమానం. నోటరీ చూసేది సంతకం పెట్టింది మీరేనా అన్నంతవరకే. లోపల రాసింది చట్టానికి నిలుస్తుందా అన్నది ఆయన చూడడు.

ముందు మీ భయం ఏమిటో తేల్చుకోండి

"ఏ కాగితం మంచిది" అని అడిగేవాళ్ళను నేను తిరిగి కొన్ని అడుగుతాను. భయం విడాకుల గురించా, చావు గురించా, వ్యాపారంలో అప్పులవాళ్ళ గురించా? కాపురం ఎక్కడ పెడతారు, హైదరాబాద్‌లోనా, డాలస్‌లోనా? మీకు ఏ మత చట్టం వర్తిస్తుంది? ఆస్తి ఇప్పటికే చేతిలో ఉందా, రాబోయేదా? తర్వాత మనసు మారితే ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోవాలనుకుంటారా, వద్దా? వీటికి జవాబులు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఇంకో మాట. "పెళ్ళయితే సగం ఆస్తి పోతుంది" అన్న భయం మనవాళ్ళకు ఎక్కువగా అమెరికా కబుర్ల నుంచి వచ్చింది. హిందూ వివాహ చట్టం కింద విడాకులప్పుడు కోర్టు ఆస్తిని చెరిసగం చేయదు. ఎవరి పేరున ఉన్నది వాళ్ళదే. కోర్టు ఇప్పించేది భరణం: 24వ సెక్షను కింద కేసు నడిచినంతకాలం, 25 కింద శాశ్వతంగా. ఇవి భార్యే కాదు, భర్త కూడా అడగొచ్చు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ ఆస్తిని చూసి భరణం ఎంతో లెక్కకడతారు, ఆస్తినే కోసి పంచరు.

ఇండియాలో ప్రీనప్

దీన్ని నేరుగా గుర్తించే చట్టం హిందువులకు లేదు. 1872 కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షను పబ్లిక్ పాలసీకి, అంటే ప్రజాహితానికి, విరుద్ధమైన ఒప్పందం చెల్లదంటుంది. విడిపోవడాన్ని ముందే ఊహించి రాసుకున్న షరతులు ఎక్కువగా అక్కడే చిక్కుకుంటాయి. 1901లో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు అత్తవారింట్లోనే ఉంటానని, భార్యను అక్కణ్ణుంచి తీసుకెళ్ళనని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం చెల్లదని కోర్టు కొట్టేసింది.

తమాషా ఏమిటంటే, దాదాపు అలాంటి మాటే మన దగ్గర ఆస్తి విషయంలో నిలిచింది. ఇల్లటపుటల్లుడి ఆచారం సంగతి చెబుతున్నాను. మగపిల్లలు లేని మామగారు అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని, సేద్యం చూసుకుంటే ఆస్తిలో వాటా ఇస్తానని పెళ్ళికి ముందే మాట ఇచ్చేవాడు. కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఈ ఆచారాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచీ కోర్టులు గుర్తించాయి. అల్లుడికి పుట్టింటి ఆస్తిలో హక్కు కూడా పోయేది కాదు. పెళ్ళికి ముందు ఒప్పందం మనకు కొత్తేమీ కాదు. మొగుడూపెళ్ళాలు ఎలా బతకాలో, ఎలా విడిపోవాలో చెప్పే ఒప్పందాన్ని కోర్టు కొట్టేసింది. ఎవరికి ఏ ఆస్తి వస్తుందో చెప్పే ఒప్పందానికి విలువిచ్చింది.

కాబట్టి ఇక్కడ రాసుకోవాలనుకుంటే షరతులు మానేసి జాబితా రాసుకోండి. పెళ్ళి రోజుకు నా పేరున ఉన్నవి ఇవి, ఈ డబ్బుతో కొన్నవి, అప్పులు ఇవి, అని ఇద్దరూ ఒకరి జాబితా మీద ఒకరు సంతకం పెట్టుకోవాలి. రేపు గొడవొస్తే అది సాక్ష్యంగా పనికొస్తుంది. అంతకుమించి దాని నుంచి ఆశించకండి.

కొందరికి లెక్క వేరు. ముస్లింలకు పెళ్ళే ఒప్పందం. నిఖానామాలో (పెళ్ళి పత్రంలో) మెహర్, అంటే భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము, ఎంతో, ఎప్పుడివ్వాలో రాస్తారు, దాన్ని కోర్టులో వసూలు చేసుకోవచ్చు. చట్టానికి ఒప్పే ఇతర షరతులూ చేర్చుకోవచ్చు. క్రైస్తవుల విడాకుల చట్టం 40వ సెక్షనులో పెళ్ళికి ముందు, తర్వాత చేసుకున్న ఆస్తి ఏర్పాట్లను కోర్టు విచారించే వీలుంది. గోవా వాళ్ళ సంగతి పూర్తిగా వేరు. 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. ఏమీ రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి. వద్దనుకుంటే పెళ్ళికి ముందే పద్ధతి ప్రకారం దస్తావేజు రాసుకోవాలి, పెళ్ళయ్యాక మార్చడం కుదరదు. దేశం మొత్తంలో అచ్చమైన ప్రీనప్ అంటే గోవాదే.

కానుకల జాబితా

ఖర్చులేనిది, చట్టం చెప్పినది, ఎవరూ పట్టించుకోనిది ఇదొక్కటే. 1961 వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం అమ్మాయికి వచ్చిన కానుకలకు ఒక జాబితా, అబ్బాయికి వచ్చిన వాటికి ఇంకో జాబితా రాయాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వాళ్ళు ఏమవుతారు, ఇవన్నీ ఉండాలి. కింద పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ఇద్దరూ సంతకం చేయాలి.

మా ఇళ్ళల్లో ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రూపాయి పొల్లుపోకుండా రాస్తారు, బంగారం మాత్రం రాయరు. "కాసులపేరు ఒకటి" అని రాస్తే లాభం లేదు. "కాసులపేరు, 64 గ్రాములు, 22 క్యారెట్, అమ్మమ్మ ఇచ్చింది, బిల్లు ఉంది" అని రాయాలి. బిల్లు లేని పాత నగలైతే తూకం వేయించి, త్రాసు మీద ఉండగానే ఫొటో తీయండి.

ఇక్కడ జాగ్రత్త ఒకటి. జాబితా అంటే ఇష్టంగా ఇచ్చినవాటికి. "ఇంత ఇస్తాం, ఇంత తీసుకుంటాం" అని ముందే రాసుకున్న కట్నం ఒప్పందం అదే చట్టం అయిదో సెక్షను కింద చెల్లదు, పైగా నేరం.

గిఫ్ట్ డీడ్

పసుపు కుంకుమ కింద ఇస్తున్నామని పెళ్ళి పీటల దగ్గర పదిమందిలో చెప్పిన ఎకరం నిలవదు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దానం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ముప్పై ఏళ్ళ తర్వాత తమ్ముడు "మా నాన్న అలా ఏమీ ఇవ్వలేదు" అంటే, అప్పటికి సాక్షులు ఫొటోల్లోకి వెళ్ళిపోయి ఉంటారు.

గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, బలం ఏమిటంటే వెంటనే హక్కు మారిపోతుంది. దాని ఇబ్బందీ అదే. మనసు మారిందని ఇచ్చినవాళ్ళు రద్దు చేసుకోలేరు. ఇంకా కొనని ఫ్లాటును దానం చేయడం కూడా కుదరదు, చేతిలో ఉన్న ఆస్తికే అది పనికొస్తుంది. కొడుకు కాపురం సంగతి తెలియక భయపడే తల్లిదండ్రులకు నా సలహా ఒకటే: తొందరపడి కొడుకు పేరున మార్చకండి. మీ పేరున ఉన్న మీ స్వార్జితం మీద కోడలికి, ఆ మాటకొస్తే కొడుక్కి కూడా, మీరున్నంతకాలం వాటా హక్కు రాదు.

వీలునామా

విడాకులకు వీలునామా ఎందుకూ పనికిరాదు. చావు గురించి ఆలోచించేవాళ్ళకు మాత్రం ఇంతకంటే చవకైనది లేదు. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులుంటే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం గొడవలు తగ్గుతాయి. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

సొంత సంపాదన ఉన్న ఆడపిల్లలు దీన్ని రెండుసార్లు చదవండి. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం వీలునామా లేకుండా స్త్రీ చనిపోతే, ఆమె సంపాదించినది ముందు భర్తకు, పిల్లలకు వెళ్తుంది. వాళ్ళు లేకపోతే భర్త తరఫు వారసులకు. కన్న తల్లిదండ్రులు ఆ తర్వాతే. 2009లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. చిన్న వయసులో భర్త పోతే పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసిన ఒకామె సంపాదన, ఆమె తర్వాత అత్తింటివాళ్ళకే చెందింది. పిల్లల్లేకపోతే, అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చినది మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. కానీ సెక్షనులో ఉన్న మాట వారసత్వం. నాన్న గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన పొలం ఆ లెక్కలోకి రాదు.

మగవాళ్ళకూ ఒక మెలిక ఉంది. వీలునామా లేకపోతే భార్య, పిల్లలు, తల్లి మొదటి వరుస వారసులు. తండ్రి ఆ వరుసలో లేడు. కొడుకు ఇంటికి డబ్బు పెట్టిన తండ్రులు చాలామందికి ఈ సంగతి తెలియదు.

హిందువులకు పెళ్ళితో పాత వీలునామా రద్దు కాదు. క్రైస్తవులకు అవుతుంది, మళ్ళీ రాసుకోవాలి. ముస్లింలు మామూలుగా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

ట్రస్టు

ఫ్యాక్టరీ, అద్దెల బిల్డింగులు, వికలాంగుడైన తమ్ముడు, ఇలాంటివి ఉన్న ఇళ్ళకే ఇది. ఆస్తి ట్రస్టీల చేతిలో ఉంటుంది, లాభం లబ్ధిదారులకు వెళ్తుంది. తల్లిదండ్రులు ముందే పెట్టిన ట్రస్టు గట్టిగా నిలుస్తుంది. గొడవ మొదలయ్యాక హడావిడిగా ఆస్తిని ట్రస్టులోకి తోస్తే మోసపూరిత బదిలీ అని దాన్ని సవాలు చేస్తారు. ఆడిటరు ఫీజు ఏటా ఉంటుంది. ఒక్క ఫ్లాటు, ఒక్క జీతం ఉన్నవాళ్ళకు ఇది దండగ.

కాపురం అమెరికాలో అయితే

ఇక్కడ మాత్రం ప్రీనప్‌కు నిజంగా ప్రాణం ఉంటుంది. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో పెళ్ళయ్యాక సంపాదించినది ఇద్దరి ఉమ్మడి ఆస్తి. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో కోర్టు తనకు న్యాయం అనిపించినట్టు పంచుతుంది. మనవాళ్ళ గొడవలు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. ఒకటి, పెళ్ళికి ముందు కంపెనీ ఇచ్చి, పెళ్ళయ్యాక వెస్ట్ అయ్యే (పూర్తిగా చేతికొచ్చే) షేర్లు. రెండోది, అక్కడి జీతం పంపి ఇక్కడ కొన్న స్థలం. కాలిఫోర్నియా చట్టం ఆస్తి ఎక్కడున్నా లెక్కలోకే వస్తుందంటుంది, అది మధురవాడలో ఉన్నా సరే.

అక్కడ ప్రీనప్ నిలవాలంటే ఏం కావాలో తెలుసుకోవడానికి బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్ కేసు చూడాలి. 1988లో పెళ్ళికి ముందు రోజు, స్వీడన్ నుంచి వచ్చిన అమ్మాయి లాయరు లేకుండా సంతకం చేసింది. 2000లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. ఆ మరుసటి ఏడే అక్కడి శాసనసభ చట్టాన్ని బిగించింది. ఇప్పుడక్కడ చివరి డ్రాఫ్టు చేతికిచ్చిన రోజుకూ సంతకానికీ మధ్య కనీసం ఏడు రోజులుండాలి. సొంత లాయరు ఉండాలి, లేదా వద్దనుకుంటున్నానని వేరే కాగితం మీద రాసివ్వాలి. లాయరు లేకుండా వదులుకున్న భరణం చెల్లదు. ఆస్తులు, అప్పులు సరిగ్గా చూపించాలి. ఒత్తిడి ఉండకూడదు. పిల్లల ఖర్చును ఏ ఒప్పందమూ తప్పించలేదు.

మెహందీ రోజు రాత్రి హోటల్ లాబీలో సంతకం పెట్టించుకునే మగపెళ్ళివాళ్ళు ఈ ఏడు రోజుల సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ కాగితం చివరికి వాళ్ళబ్బాయికే పనికిరాకుండా పోతుంది.

గ్రీన్ కార్డుకు స్పాన్సర్ చేసేవాళ్ళకు ఇంకొకటి. భార్య కోసమో భర్త కోసమో ఐ-864 ఫారం మీద సంతకం చేస్తే, పోషిస్తానని అమెరికా ప్రభుత్వానికి మాట ఇచ్చినట్టు. ప్రీనప్‌లో ఏం రాసుకున్నా, విడాకులు తీసుకున్నా ఆ బాధ్యత పోదని 2016లో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు చెప్పింది.

ఇంగ్లండులో ప్రీనప్ కోర్టును కట్టిపడేయదు. 2010లో రాడ్‌మాకర్ కేసు తర్వాత మాత్రం, అర్థం చేసుకుని ఇష్టంతో చేసుకున్నదైతే, దాన్ని అమలుచేయడం అన్యాయం కానంతవరకు కోర్టు విలువిస్తుంది. పెళ్ళికి కనీసం 28 రోజుల ముందే సంతకాలు ముగించమని లాయర్లు చెబుతారు.

అక్కడ రాసుకున్నది ఇక్కడ పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు. తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక జంట కేసులో, భర్త అమెరికాలోని మిస్సోరీలో తెచ్చుకున్న విడాకుల డిక్రీని 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కేసు ఇక్కడ పడితే మీ అమెరికా ప్రీనప్‌కు కూడా 23వ సెక్షను అడ్డం వస్తుంది.

పక్కపక్కన పెడితే

| కాగితం | విడాకులప్పుడు | మరణం తర్వాత | మార్చుకోవచ్చా | ఖర్చు |
|---|---|---|---|---|
| ఇండియా ప్రీనప్ (హిందువులకు) | ఆస్తి జాబితాగా సాక్ష్యం, అంతే | దాదాపు ఏమీ లేదు | ఇద్దరూ ఒప్పుకుంటే | తక్కువ |
| కానుకల జాబితా | బాగా పనికొస్తుంది | కొంత | అవసరం రాదు | లేదు |
| గిఫ్ట్ డీడ్ | పుచ్చుకున్నవాళ్ళకు గట్టి హక్కు | వారసులకు వెళ్తుంది | ఇచ్చినవాళ్ళు మార్చలేరు | స్టాంపు, రిజిస్ట్రేషన్ |
| వీలునామా | పనికిరాదు | గట్టిది | ఎప్పుడైనా | చాలా తక్కువ |
| ట్రస్టు | ముందే పెడితే గట్టిది | గట్టిది | దస్తావేజులో రాసినదాన్ని బట్టి | ఎక్కువ |
| అమెరికా ప్రీనప్ | అక్కడ గట్టిది, ఇక్కడ అనుమానం | రాసుకుంటే అక్కడ పనిచేస్తుంది | ఇద్దరూ రాతపూర్వకంగా | ఇద్దరు లాయర్ల ఫీజు |

మీరు ఎవరు?

రెండో పెళ్ళి చేసుకుంటున్నవాళ్ళు, మొదటి పెళ్ళి పిల్లలున్నవాళ్ళు: వీలునామాతో మొదలుపెట్టండి. పిల్లలకు ఇల్లు ఖాయం చేయాలనుకుంటే ఆ ఒక్కదానికే గిఫ్ట్ డీడ్. కొత్త జీవిత భాగస్వామికి ఉండటానికి చోటు కూడా అదే వీలునామాలో రాయండి. లేకపోతే మీ తర్వాత కోర్టు మెట్లెక్కేది మీరు కాపాడాలనుకున్న పిల్లలే.

మతాలు వేరైనవాళ్ళు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకుంటే వారసత్వం 1925 భారత వారసత్వ చట్టానికి మారుతుంది. వీళ్ళూ వీలునామా వాయిదా వేయకూడదు.

ఇద్దరూ ఉద్యోగస్తులై ఫ్లాటు కొంటుంటే ప్రీనప్ కంటే బ్యాంకు స్టేట్‌మెంట్లే ఎక్కువ పనిచేస్తాయి. ఎవరి వాటా ఎంతో సేల్ డీడ్‌లోనే రాయించండి, ఈఎంఐ ఎవరి ఖాతాలోంచి పోతోందో కలగాపులగం చేయకండి. వ్యాపారం ఉన్నవాళ్ళ అసలు ప్రమాదం అప్పుల వైపు నుంచి వస్తుంది. భార్య పేరు హామీదారుగా పెట్టే ముందు ఆలోచించండి.

హెచ్1బి మీద ఉన్నవాళ్ళు, వెళ్ళబోతున్నవాళ్ళు: ముహూర్తం పెట్టుకున్న నెలలోనే అక్కడి రాష్ట్రంలో ఇద్దరూ వేరువేరు లాయర్లను పెట్టుకోండి. ఇండియా ఆస్తులకు ఇక్కడ విడిగా వీలునామా.

మా మేనకోడలి సంగతి. ఆమె పేరున నల్లగండ్లలో ఒక ఫ్లాటు ఉంది, లోను ఇంకా నడుస్తోంది. బాండ్ పేపరు తిప్పి పంపేసి, మొదటి షరతును మాత్రం జాబితాగా మార్చి రెండు కాపీలు రాసింది. అబ్బాయి చదివి, తన కారు లోను కూడా చేర్చి సంతకం పెట్టాడు. మిగతా నాలుగు షరతులు అతనూ అప్పుడే చూశాడట, వాళ్ళ పెద్దనాన్న ఎక్కడో దొరికిన నమూనా కాపీ చేయించారట. పెళ్ళికి రెండు రోజుల ముందు మా అక్క వంటగదిలో త్రాసు పెట్టుకుని కూర్చుంది, నేను రాశాను. వంకీ దగ్గర తూకం మూడుసార్లు వేయాల్సి వచ్చింది, రాళ్ళు కలిపి రాయాలా తీసేసి రాయాలా అని. రెండూ రాశాం.